చుక్క కారకూడని పంపు

విజయవాడ వెళ్ళొచ్చానంటే అందరూ దుర్గమ్మ దర్శనం బాగా జరిగిందా అని అడుగుతున్నారు. కొండ కింద నుంచి ఆటోలో వెళ్ళాను గానీ మెట్లెక్కలేదు. బ్యారేజీ మీద నిలబడి ఫొటో కూడా దిగలేదు. నేను వెళ్ళింది ఒక పంపును చూడడానికి. అది విన్నాక చాలామంది ఇంకేమీ అడగరు. అడిగిన ఒకరిద్దరి కోసం, ఇంకా అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పని పంపులు గీయడం. పొలాలకు నీళ్ళు తోడేవి కావు. అణుశక్తికి సంబంధించిన కర్మాగారాల్లో రేడియోధార్మిక ద్రవాలు తొట్లలో నిలవ ఉంటాయి. వాటిని ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి పంపాలి. ఏ పంపుకైనా తిరిగే షాఫ్టు బయటికి వచ్చే చోట ఎప్పుడో ఒకప్పుడు చుక్కలు కారతాయి. పొలంలో ఆ చుక్కల్ని ఎవరూ పట్టించుకోరు, అక్కడ నాలుగు గడ్డిపరకలు మొలుస్తాయి, అంతే. మా దగ్గర చుక్క కారితే దాన్ని తుడవడానికి ఒక మనిషి వెళ్ళాలి. ఆ మనిషి అక్కడికి వెళ్ళకూడదు. మా పని మొత్తం ఈ రెండు మాటల మధ్యే ఉంటుంది.

అందుకని నేను గీసిన పంపు నిలువుగా వేలాడుతుంది. మోటారు, బేరింగులు మందమైన కాంక్రీటు పలకకు పైన ఉంటాయి. కింద తొట్టిలోకి నాకన్నా పొడవైన స్టీలు షాఫ్టు దిగుతుంది. దాని చివర రెక్కల చక్రం ఒకటి ఉంటుంది. అరిగిపోయే భాగం ఏదీ ద్రవంలో ఉండదు. దాని మొదటి నమూనాను విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో చేయిస్తున్నాం. ఎడారిలో అణుపరీక్షలు జరిగిన ఈ వేసవి చివర, కాలవలకు నీళ్ళు వదిలిన రోజుల్లో, దాని టెస్టు చూడడానికి హైదరాబాదు నుంచి బయల్దేరాను.

కాలవ వంతెన మీద

స్టేషన్ బయట పొద్దున్నే ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఐదు రూపాయలు. అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ, కారప్పొడి వేశారు. నేను వద్దంటున్నా వడ్డించే పెద్దాయన కారప్పొడి మీద నెయ్యి కుమ్మరించాడు. "నెయ్యి లేకపోతే గొంతు దిగదమ్మా" అన్నాడు కొంచెం కోపంగానే. ఈ ఊళ్ళో తిండి విషయంలో అతిథికి స్వేచ్ఛ ఉండదని తర్వాత ఇంకా బాగా తెలిసింది.

ఆటో కాలవ వంతెన ఎక్కుతుంటే కాసేపు ఆపమన్నాను. ఎర్రగా, ఒడ్డుల దాకా నిండి, చప్పుడు లేకుండా నీళ్ళు పోతున్నాయి. మాది కదిరి వైపు. మాకు నీళ్ళంటే పంపే. పంపు లేకుండా ఇన్ని నీళ్ళు వాటంతటవి నడిచిపోవడం ఎంత చదువుకున్నా నాకు వింతగానే ఉంటుంది.

"మీదే ఊరండి?" అని అడిగాడు ఆటో అతను.

"అనంతపురం వైపు."

"అబ్బో. అక్కడ బాంబులేసుకుంటారంట గదండీ?"

"మా ఇంట్లో గొడవలన్నీ బోరు మోటారు కాలిపోయినప్పుడే" అన్నాను. అతను నమ్మలేదు. దిగేటప్పుడు మాత్రం డబ్బులు బేరమాడకుండా తీసుకున్నాడు.

ఆటోనగర్

ఆటోనగర్లో వీధి పొడుగునా లారీల ఎముకలు కనిపిస్తాయి. ఒకచోట చట్రం ఉంటే ఇంకోచోట క్యాబిన్ ఉంటుంది, మరోచోట రంగులు వేస్తుంటారు. సుత్తి చప్పుడు ఎక్కడా ఆగదు. మా షెడ్డు యజమాని చలపతిరావు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. యాభై దాటిన మనిషి, పామర్రు దగ్గర రైతు కుటుంబం. రొయ్యల చెరువులకు పంపులు చేసి పైకొచ్చారు. రొయ్యలకు తెగులు తగిలి చెరువులు ఎండాక ఆర్డర్లు తగ్గాయి. ఆ తర్వాత మా పంపు మీద ఆశ పెట్టుకున్నారు.

"రండి మేడం గారూ, రండి. కాఫీయా, మజ్జిగా?"

"ముందు పంపు చూస్తానండి."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. పంపు షెడ్డు మధ్యలో చెక్కదిమ్మెల మీద పడుకుని ఉంది, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. దాని చుట్టూ ఎవరూ లేరు. పనివాళ్ళందరూ అటు గోడ వారగా లేతుల దగ్గర ఉన్నారు. మంచినీళ్ళ కుండ కూడా అటే జరిపారు. పట్టా తీసి చూశాను. పని బాగుంది, నున్నగా అద్దంలా ఉంది. పైపును పై పలకకు కలిపే వెల్డింగు ఒక్కటే మిగిలింది.

"ఇదింకా కాలేదే? వెల్డరు నాంచారయ్య ఏడండీ?"

చలపతిరావు గారు మెడ గోక్కున్నారు. "అత్తారింటికెళ్ళాడండి. బందరు."

"ఎప్పుడొస్తాడు?"

"అదే తెలీట్లేదు." తర్వాత ఆయనే అసలు సంగతి చెప్పారు. "తప్పు నాదేనండి. బాంబుల వార్తలు వచ్చినప్పుడు టీకొట్టు దగ్గర గొప్పకి పోయాను, మా షెడ్డులో అణు పంపు చేస్తున్నామని. వారంలోగా వీధంతా పాకింది. ఆ ఇనుము ముట్టుకుంటే పిల్లలు పుట్టరని ఒకడు, జుట్టు ఊడిపోద్దని ఇంకొకడు. వీళ్ళని నేను గదమాయించి కూర్చోబెట్టాను. నాంచారయ్యని మాత్రం వాళ్ళావిడొచ్చి తీసుకుపోయింది."

ఆ మిగిలిన వెల్డింగు ఎవరు పడితే వాళ్ళు చేయడానికి లేదు. మేం పెట్టే పరీక్ష పాసైన చేతితోనే చేయించాలి. ఆ షెడ్డులో అలా పాసైంది నాంచారయ్య ఒక్కడే. ఇంకొకరిని తయారు చేసి పరీక్ష పెట్టే లోపు మా గడువు దాటిపోతుంది. మా ఆఫీసులో పెద్దలకు ఈ డిజైన్ మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. అంత పొడవు షాఫ్టు కింద ఆధారం లేకుండా వేలాడితే ఊగిపోతుందని వాళ్ళ వాదన. గడువులోగా టెస్టు కాకపోతే పాత రకం పంపే తీసుకుంటామని చెప్పేశారు. పాతరకంలో ఒక బేరింగు ద్రవంలోనే మునిగి ఉంటుంది. అది అరిగినప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గరికి వెళ్ళాలి.

"రేపు బందరు వెళ్దామా?" అన్నాను.

"వెళ్దాం. మీరు చెప్తే వింటారేమో" అన్నారాయన. ఆ మాటలో నమ్మకం కన్నా మర్యాద ఎక్కువుంది.

వన్ టౌన్లో తెల్లగుడ్డ

ఆ మధ్యాహ్నం చేయడానికి పనేమీ లేక, పంపు తుడవడానికి గుడ్డ కొనాలని వన్ టౌన్ వెళ్ళాను. రంగు లేని, గంజి లేని, దారాలు ఊడని కొత్త నూలుగుడ్డ కావాలి. సందులు ఇరుకు. ఒక పక్క పప్పుల బస్తాలు, ఇంకో పక్క స్టీలు సామాను. తోపుడుబండి వస్తే ఆటో ఆగాలి, ఆటో వస్తే మనిషి గోడకు అంటుకోవాలి. అరుగు మీద పరుపు వేసుకుని కూర్చున్న ఒక బట్టల వ్యాపారి గుడ్డ తాను విప్పబోయి ఆగాడు.

"శుభానికా, అశుభానికా అమ్మా?"

"రెంటికీ కాదండి. ఒక పంపు తుడవాలి."

ఆయన నన్ను, నా చేతిసంచిని, మళ్ళీ నన్ను చూశాడు. "పంపు తుడవడానికి పాతచీర ముక్క చాలదూ?"

"పాతచీరలో ఉప్పుంటుందండి. చెమట ఉప్పు. అది పడదు దానికి."

"పిల్లని చూసుకున్నట్టు చూసుకుంటారు గావును" అని ఆయన బాగా ఆలోచించి, మంచి గుడ్డ కిందనుంచి తీశాడు. మీటరుకు రూపాయి తగ్గించాడు కూడా, శుభం లెక్కలోనే వేశానని చెప్పి. మా ఊళ్ళో వ్యాపారులు వస్తువు ధర చెప్పి ఊరుకుంటారు. ఇక్కడ ముందు మన కథ వింటారు, తర్వాత ధర చెప్తారు.

కూచిపూడిలో కారు కారింది

మర్నాడు చలపతిరావు గారి పాత అంబాసిడర్లో బయల్దేరాం. ఉయ్యూరు దాకా చెరుకుతోటలు, తర్వాత నారుమళ్ళు. రోడ్డు పక్కనే కాలవ మాతో పాటు వస్తూనే ఉంది. పామర్రు నుంచి బందరు నేరుగా పోవచ్చు గానీ, ఆయన కారును కూచిపూడి వైపు తిప్పారు. వెనక సీట్లో రసాల బుట్ట ఉంది, అది వాళ్ళ చెల్లెలుగారికి ఇవ్వాలి. మామిళ్ళ కాలం అయిపోవస్తోంది, ఇప్పుడివ్వకపోతే ఏడాది మాట పడాలని ఆయన భయం.

కూచిపూడి ఊరి మొదట్లోనే బానెట్టు కింద నుంచి ఆవిరి లేచింది. దిగి చూస్తే కారు వాటర్ పంపు సీలు పోయి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

చలపతిరావు గారు నా వైపు చూసి నవ్వాపుకోలేకపోయారు. "పక్కన పంపుల ఇంజనీరు ఉండగా నాకీ గతేంటండీ."

"సీలున్న పంపు నేను గీయనండి" అన్నాను.

మెకానిక్ కోసం కబురు పెట్టి వాళ్ళ చెల్లెలి ఇంటికి నడిచాం. ఆవిడ పేరు సుశీల. మేం కాళ్ళు కడుక్కునేలోగా విస్తళ్ళు వేసేశారు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, గోంగూర, మామిడికాయ పులుసు, గడ్డపెరుగు. సంగటి తిని పెరిగిన నేను ఒక ముద్ద తినే వ్యవధిలో వాళ్ళు మూడు రకాలు దాటిపోయారు. వద్దు అంటే ఇక్కడ కొంచెం అని అర్థం. చాలు అంటే ఇంకోసారి అని అర్థం. చేయి అడ్డం పెడితే వేళ్ళ మధ్యలోంచి వడ్డిస్తారు.

తిన్నాక పక్కింటి వసారాలో తాళం వినిపిస్తే వెళ్ళి నిలబడ్డాను. పదేళ్ళ అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి ముందుకు జరుగుతోంది. రెండుసార్లు పళ్ళెం జారింది. గురువుగారు తాళం మళ్ళీ మొదటి నుంచి వేశారు. మూడోసారి వసారా ఆ చివర దాకా వెళ్ళింది. పొడుగాటిది ఊగకుండా నిలబడాలంటే ఎంత తిప్పలో నాకు తెలుసు గనుక అక్కడ చాలాసేపు ఉన్నాను.

కారుకు కొత్త సీలు విజయవాడ నుంచి రావాలన్నాడు మెకానిక్. దాన్ని అక్కడే వదిలి బస్సెక్కి పామర్రు వచ్చి, అక్కడ బందరు బస్సు పట్టుకున్నాం.

బందరు దాటాక

నాంచారయ్య అత్తగారి ఊరు బందరు దాటాక, సముద్రం వాసన మొదలయ్యే చోట ఉంది. వాళ్ళు చేపల వేటకు పోయే కుటుంబం. ఇంటి ముందు తడిక మీద సావడాలు ఎండుతున్నాయి. పొడుగ్గా, వెండి రిబ్బన్లలా ఉన్న చేపలు. అత్తగారు పోలమ్మ వాటిని తిరగేస్తోంది. నాంచారయ్య గుమ్మంలో వల పక్కన కూర్చుని ఉన్నవాడు మమ్మల్ని చూసి లేచాడు. ముప్ఫై లోపు వయసు, మంచి పనివాడని అందరూ చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మేడం గారు ఇంత దూరం వచ్చారా..." అని మాత్రం అన్నాడు.

"ఆయన్నేం అనకండి. ఆపింది నేను." లోపల నుంచి వాళ్ళావిడ దుర్గ వచ్చింది. ఐదో నెలో ఆరో నెలో ఉంటుంది.

"నేనేమీ అనడానికి రాలేదు దుర్గా. ఏం విన్నావో చెప్పు" అన్నాను.

"ఆ ఇనుములో ఇసం ఉంటాదంట. కంటికి ఆనదంట, వాసన రాదంట. ముట్టుకున్నోళ్ళకి కడుపు నిలవదంట." గొంతు మామూలుగానే ఉంది. "నాకు రెండు పోయినాయండి."

చలపతిరావు గారు తిరిగి చూశారు. "ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదేంట్రా?"

"ఏం సెప్పనండి" అన్నాడు నాంచారయ్య.

బస్సులో అనుకున్న మాటలన్నీ పనివాడికి చెప్పేవి. ఈమెకు చెప్పేవి కావు.

"ఇప్పుడు దాంట్లో ఏమీ లేదు. కొత్త స్టీలు. మీ ఇంట్లో స్టీలుగిన్నె లాంటిదే. నువ్వు చెప్పిన విషం అది వెళ్ళబోయే చోట ఉంటుంది, ఇక్కడ కాదు."

"అక్కడికెళ్ళాక సెడిపోతే?"

"చెడిపోయేవన్నీ పైన ఉంటాయి, మందమైన గోడకి ఇవతల. అట్లా ఉండాలనే అలా గీశాను."

"అడుగునున్నది సెడితే?"

"గొట్టాల్లోంచి మందునీళ్ళు పంపి లోపలే కడుగుతారు. తర్వాత క్రేనుతో మొత్తం పైకి లాగేస్తారు."

"క్రేనుకి తగిలించేదెవురు?"

చలపతిరావు గారు దగ్గారు. ఎందుకు దగ్గారో నాకు తెలుసు. ఎవరూ ఉండరని ఒక్క మాటంటే సరిపోయేది. మా ఆఫీసులో ఏడాదిగా అందరం తలలు పట్టుకుంటున్నది ఆ ప్రశ్న దగ్గరే.

"ఒక మనిషి" అన్నాను. "కొద్దిసేపు. ఎంతసేపు ఉండచ్చో ముందే లెక్కకట్టి అంతకుమించి ఉండనివ్వరు. ఆ కాసేపు కూడా లేకుండా చేయాలని చూశాను. ఇంకా చేతకాలేదు."

దుర్గ లోపలికి వెళ్ళిపోయింది. పోలమ్మ చేపలు తిరగేయడం ఆపలేదు. చలపతిరావు గారు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అయిపోయిందనే నేనూ అనుకున్నాను. పాతరకం పంపు, నీళ్ళలో అరిగే బేరింగు, దాని దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనుషులు గుర్తొచ్చారు. ఒక అబద్ధం ఆడి ఉంటే వాళ్ళకు మేలయ్యేదేమో అని కూడా అనిపించింది. ఆ సంగతి ఇప్పటికీ తేల్చుకోలేదు.

దుర్గ టీ గ్లాసులతో బయటికి వచ్చింది.

"మీకు పిల్లలున్నారాండి?"

"ఒక పాప."

"ఈ పనిలో ఉండగానే పుట్టిందా?"

"అవును. కానీ నాది గీసే పని. ఆ ద్రవం దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు."

"అదే లెండి. గీసేవోళ్ళకేం." గ్లాసు నా చేతిలో పెట్టింది. "నేనొచ్చి సూత్తాను. సూసినాక సెప్తాను, సేత్తాడో సెయ్యడో."

వచ్చేటప్పుడు బందరు బజారులో తొక్కుడు లడ్డు కొన్నాను. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది గానీ, ప్రయాణంలో పొడైపోతుంది. మా పాపకు హైదరాబాదులో చెంచాతో పెట్టాల్సి వచ్చింది.

మళ్ళీ ఆటోనగర్

దుర్గ, పోలమ్మ, నాంచారయ్య మర్నాడు పొద్దున బస్సులో దిగారు. షెడ్డులో సుత్తులు ఆగాయి. దుర్గ ఎవరినీ చూడకుండా నేరుగా పంపు దగ్గరికి వచ్చి చేయి చాచింది.

"ఆగు దుర్గా" అన్నాను కంగారుగా.

చేయి గాల్లోనే ఆగిపోయింది. గోడవార నుంచి ఎవరో "చెప్పాం గదా" అన్నారు.

"చేతులు కడుక్కుని ముట్టుకో. చేతి ఉప్పు అంటితే స్టీలుకు మచ్చలు పడతాయి. ఆ మచ్చల్లో తర్వాత విషం దాక్కుంటుంది, ఎంత కడిగినా పోదు."

ఆమె నా ముఖం చూసింది, తన చేయి చూసుకుంది. "అంటే నా వల్ల దానికి పెమాదవా?"

"ప్రస్తుతానికి అంతే."

ముందు పోలమ్మ నవ్వింది. "సేపలు తోమిన సేతులే, దూరంగా ఉంచండమ్మగోరూ" అంది. దుర్గ కూడా నవ్వింది. అప్పటిదాకా ఆమె నవ్వగా నేను చూడలేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, వన్ టౌన్ గుడ్డతో తుడుచుకుని, షాఫ్టు మీద అరచేయి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపింది. చల్లగా ఉందంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "కానియ్" అంది.

వెల్డింగు వెలుగు కళ్ళకు మంచిది కాదని ఆడవాళ్ళిద్దరినీ బయట నీడలో కూర్చోబెట్టాం. నాంచారయ్య కొత్త చేతి తొడుగులు వేసుకుని, ముఖానికి అద్దం దించుకుని, ఆ ఒక్క వెల్డింగు మీద చాలాసేపు వంగి ఉన్నాడు. నేను కదిలితే గాలి కదులుతుందని నేనూ కదల్లేదు.

అది చల్లారాక పరీక్ష. వెల్డింగు మీద ఎర్రటి రంగు పూసి, కాసేపుంచి, శుభ్రంగా తుడిచేసి, తెల్లటి మందు చల్లుతాం. కంటికి కనపడని పగులు ఎక్కడైనా ఉంటే లోపల దాక్కున్న ఎరుపు పైకి వచ్చి గీతలా కనపడుతుంది. గీత వస్తే వెల్డింగు కోసి మళ్ళీ చేయాలి. కోస్తే పలక వంకరపోవచ్చు. వంకరపోతే ఇక అంతే.

లోపలికి వచ్చిన పోలమ్మ ఎరుపు చూసి, "బొట్టెట్టారా? మంచి పని" అంది. దాన్ని తుడిచేయడం చూసి బాధపడింది. తెల్లమందు ఆరుతుంటే అందరం చుట్టూ మూగాం. గోడవార ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చారు. ఒకచోట గులాబీ రంగు ఉన్నట్టనిపించి నేను భూతద్దం పెట్టాను. పైన ఇనుపరేకుల కప్పుకు పట్టిన తుప్పు రంగు దాని మీద పడింది, అంతే. తెలుపు తెల్లగానే ఉంది.

"ఇంకేం రాదా?" అంది దుర్గ.

"రాదు."

నాంచారయ్య బయటికి పోయి కుళాయి కింద తల పెట్టుకున్నాడు.

ఆ మర్నాడు పంపును, షెడ్డులో టెస్టు కోసం తవ్విన గోతిలో తొట్టి మీద వేలాడదీసి, ట్యాంకరుతో తెప్పించిన మంచినీళ్ళు నింపి, మోటారు వేశాం. మా దగ్గర కంపనం కొలిచే మీటర్లున్నాయి. చలపతిరావు గారికి మాత్రం తన పద్ధతి ఒకటుంది. మోటారు నెత్తి మీద రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టారు. వేగం పెరిగే కొద్దీ షెడ్డంతా ఒక మూలుగు లాంటి చప్పుడు లేచింది. బిళ్ళ పడిపోయి గోతిలోకి దొర్లింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. మోటారు ఆపించాను.

మా పెద్దల మాటే నిజమైందనుకున్నాను. నాలుగు పక్కలా తిరిగి చూస్తే, గోతి అంచున పంపును మోసే దూలానికి బిగించిన బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరుగుతోంది. బిగించిన మనిషిని చలపతిరావు గారు ఏమన్నారో ఇక్కడ రాయను. బోల్టు బిగించి మళ్ళీ వేశాం. మధ్యలో ఒక వేగం దగ్గర షాఫ్టు వణికింది, అది వణుకుతుందని నా లెక్కలో ఉన్నదే. దాన్ని దాటాక చప్పుడు సన్నబడింది. ఇంకో బిళ్ళ నిలబెట్టారు. సన్నగా వణుకుతూ నిలబడింది. పైపు చివర నుంచి నీళ్ళు లావుగా దూకి మళ్ళీ తొట్టిలోనే పడుతున్నాయి. పై పలక పొడిగా ఉంది. తెల్లగుడ్డతో అంచు చుట్టూ తుడిచి చూశాను. తడి లేదు.

సాయంత్రం దాకా అలాగే తిప్పాం. షెడ్డులో పనివాళ్ళు పంపు పక్కనే కూర్చుని టీ తాగారు.

లారీ దగ్గర

పెట్టెలో పెట్టే ముందు చలపతిరావు గారు కొబ్బరికాయ, పసుపు, కుంకుమ తెప్పించారు. పంపు మీద కొబ్బరినీళ్ళు పడడానికి వీల్లేదన్నాను. వాటిలోనూ ఉప్పుంటుంది. "కొబ్బరికాయ కొట్టకుండా నా షెడ్డు నుంచి ఇంతవరకు ఏదీ బయటికి పోలేదండి" అని ఆయన పట్టుబట్టారు. మా ఆఫీసులో ఇలాంటివి అడగరు, మేం చెప్పం. చివరికి బొట్లు చెక్కపెట్టెకు పెట్టారు. కాయ లారీ చక్రం దగ్గర కొట్టారు. సగం చెక్క నాకిచ్చారు.

దుర్గ వాళ్ళు బందరు బస్సుకు వెళ్ళాలి. వెళ్ళబోతూ ఆమె నా దగ్గరికి వచ్చింది. పోలమ్మ, నాంచారయ్య గేటు దగ్గర ఆగారు.

"అక్కడ దీన్ని బిగించడానికి మా ఆయన్ని పంపుతానని ఓనరు గారు అంటన్నారండి."

ఆ సంగతి నాకు తెలియదు. చలపతిరావు గారి వైపు చూస్తే ఆయన లారీ తాళ్ళు సరిచూస్తున్నారు.

"వద్దు. బిగించేటప్పుడు నేను వెళ్తాను" అన్నాను. అది అప్పటికప్పుడు అనుకున్న మాట. ఆఫీసులో ఎవరినీ అడగలేదు.

"మీరా? ఎల్లిన వోళ్ళకి ఏం కాదా?"

"బిగించేటప్పటికి ఇది దిగే తొట్టిలో ఏమీ ఉండదు. పక్క తొట్లలో ఉంటుంది. గోడలున్నాయి, కొలిచే మీటర్లున్నాయి. జాగ్రత్తలన్నీ ఉన్నాయి."

"అది కాదండి. మీకు బయ్యం లేదా?"

ఇలాంటి ప్రశ్నకు మా దగ్గర తయారుగా ఉంచుకున్న జవాబులు చాలా ఉన్నాయి. అవేవీ నోటికి రాలేదు.

"ఉంది" అన్నాను.

దుర్గ పెట్టె ఎక్కించిన లారీ వైపు ఒకసారి చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"అయితే బాగానే సేసుంటారు లెండి" అని, బస్సుకు వేళవుతోందని గేటు వైపు నడిచింది.